తిరుగు టపా

మాస్టారి స్మారక ఉపన్యాసం, బేగంబజార్, హైదరాబాద్



మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం ఈ గల్లీలోనే జరగాలని పట్టుబట్టినవాణ్ని నేను. పెద్ద హాలు ఇప్పిస్తామని ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు, వాళ్లకు నా కృతజ్ఞతలు. కానీ ఆయన ముప్పై ఏళ్ల పాటు సైన్సు చెప్పింది ఈ చుట్టుపక్కల పిల్లలకు. గుమాస్తాల పిల్లలు, హమాలీల పిల్లలు, ఇత్తడి గిన్నెలకు మెరుగు పెట్టేవాళ్ల పిల్లలు. కింది దుకాణాల నుంచి ఎండుమిర్చి ఘాటు పైకి వస్తోంది. ఎవరికైనా పొలమారితే కిటికీ పక్కన మంచినీళ్లు పెట్టించాను.

ఈ సాయంత్రం నా విషయం, కణంలో వెనక్కి నడిచే కబుర్లు. ఇంగ్లీషు పుస్తకాల్లో రెట్రోగ్రేడ్ సిగ్నలింగ్ అంటారు. తెలుగులో తిరోగమన సంకేతాలు అని రాస్తున్నారు. తిరోగమనం అనగానే మనకు దిగజారడం గుర్తొస్తుంది కాబట్టి ఆ మాట నాకు మనసుకు పట్టదు. మా నాన్న రోజూ వాడిన మాట ఒకటుంది, తిరుగు టపా. నాకు అదే సరిపోయింది.

మా నాన్న ఇక్కడే ఒక కిరాణా టోకు దుకాణంలో గుమాస్తా. నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన నేల మీద ఈ బజారు వెలిసిందని మన పెద్దలు చెబుతారు. అప్పటి నుంచి ఇక్కడి బతుకంతా వచ్చే బండి మీదే. నిజామాబాద్ పసుపు, గుంటూరు మిర్చి, తాండూరు కంది. ఏ లారీ ఎప్పుడొచ్చినా దించుకునే జాగా ఉండాలి. బడి నుంచి రాగానే నాన్న పక్కన కూర్చుని పోస్టుకార్డులు రాయడం నా పని. ఆయన చెప్పేవారు, నేను రాసేవాణ్ని. మీరు పంపిన మాలు చేరినది, నాలుగు బస్తాలు తడిసినవి, గోదాములో నిలువ ఉన్నది, మరల వ్రాయు వరకు పంపవద్దు. ఆ నాలుగు ముక్కలే, ఊరు మారుతుంది, సరుకు మారుతుంది.

నాకు పదకొండేళ్లప్పుడు, ఒక వానాకాలం, అలాంటి కార్డు ఒకటి నా సంచిలో లెక్కల పుస్తకం మధ్యన ఉండిపోయింది. డబ్బాలో వేయడం మరిచాను. వారం తిరక్కుండా పసుపు లారీ వచ్చి నిలబడింది. గోదాం నిండుగా ఉంది. బస్తాలు అరుగు మీదా, చాలక రోడ్డు మీదా పేర్చారు. ఆ రాత్రి వాన దంచింది. తెల్లారి చూస్తే గల్లీ పొడవునా మోరీ దాకా పసుపు నీళ్లు. జనం చెప్పులు పసుపు, కుక్కల కాళ్లు పసుపు. నాన్న నన్ను కొట్టలేదు. ఆయన జీతంలో కోత పడిందని అమ్మ చెప్పగా తర్వాత తెలిసింది. ఆ పొద్దున ఆయన కొత్త కార్డు తెచ్చి నా ముందు పెట్టి "రాయి" అన్నారు, అంతే.

ఆ ఏడే మాస్టారు మా తరగతికి వచ్చారు. రెండు మట్టి మూకుళ్లలో పెసలు చల్లించారు. ఒకటి కిటికీలో పెట్టి, రెండోదాని మీద డాల్డా డబ్బా బోర్లించారు. నాలుగో రోజున డబ్బా ఎత్తితే లోపలి మొలకలు బారెడు సాగి, పాలిపోయిన పసుపు రంగులో, మెడలు వంచుకుని ఉన్నాయి. వాటిని వెలుతుర్లో పెట్టి, సాయంత్రం బడి వదిలేలోపు మళ్లీ చూపించారు. పచ్చదనం తిరుగుతోంది. "దీనికి పచ్చబడమని ఎవరు చెప్పార్రా?" అన్నారు. ఎండ సార్, అన్నాం. "ఎండ ఎవరికి చెప్పింది? వాళ్లు ఎవరికి చెప్పారు? చేసినవాడు పని అయిందని తిరిగి ఎవరికి చెప్పాడు?" గంట కొట్టారు. ఆయన ఎప్పుడూ జవాబు చెప్పి గంట కొట్టించుకునే మనిషి కాదు.

మేము చదివిన పుస్తకంలో కేంద్రకం కణానికి రాజు. ఆజ్ఞలు అక్కడ పుడతాయి, మిగతావన్నీ శిరసావహిస్తాయి. అలా చెప్పడం పిల్లలకు కథ సగంలో ఆపేయడమే. హరితరేణువులు, మైటోకాండ్రియాలు కణానికి సొంత బిడ్డలు కావు. ఒకప్పుడు అవి స్వతంత్రంగా బతికిన బాక్టీరియాలు. హరితరేణువుల గురించి రష్యాలో మెరెష్కోవ్‌స్కీ 1905లోనే ఈ మాట అన్నాడు. అమెరికాలో లిన్ మార్గులిస్ 1967లో దాన్ని మళ్లీ ఎత్తుకుని నిలబెట్టింది. ఇంట్లోకి వచ్చాక కోట్ల ఏళ్లలో వాటి జన్యువుల్లో చాలాభాగం కేంద్రకానికి చేరిపోయాయి. మనిషి మైటోకాండ్రియా దగ్గర ఇప్పుడు మిగిలింది 16,569 అక్షరాల డీఎన్‌ఏ, అందులో 37 జన్యువులు, వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లు పదమూడే. దానికి కావలసినవి వెయ్యికి పైగా. అంటే మిగతా సరుకంతా కేంద్రకం చీటీ మీద బయట తయారై లోపలికి రావాలి.

ఇంకా చిక్కు ఏమిటంటే, ఒకే యంత్రంలో కొన్ని ముక్కలు ఇక్కడివి, కొన్ని అక్కడివి. గాల్లోని బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెరకు దారి తీసే రుబిస్కో అనే ప్రోటీన్‌లో ఎనిమిది పెద్ద ముక్కలు, ఎనిమిది చిన్న ముక్కలు ఉంటాయి. పెద్దవాటి జన్యువు హరితరేణువులో ఉంది, చిన్నవాటిది కేంద్రకంలో. తలుపు ఒక ఊళ్లో, గడియ ఇంకో ఊళ్లో చేయిస్తున్నట్టు. ఇక్కడ ఎన్ని తలుపులు లేచాయో అక్కడికి కబురు పోకపోతే ఏమవుతుందో ఈ గల్లీలో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఈ కబురు ఉందని తొలుత పట్టిచ్చింది ఒక బార్లీ మొక్క. అల్బోస్ట్రియన్స్ అనే ఆ రకంలో ఆకుల మీద తెల్లటి చారలు. ఆ తెల్ల చారల్లో హరితరేణువులు పాడై ఉంటాయి, వాటిలో ప్రోటీన్ తయారుచేసే రైబోసోములే ఉండవు. కేంద్రకం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అయినా, కేంద్రకం చీటీ మీద తయారు కావలసిన హరితరేణువు సరుకు కూడా ఆ చారల్లో పడిపోయిందని బ్రాడ్‌బీర్ బృందం 1979లో నేచర్ పత్రికలో రాసింది. గోదాం కూలిందని ఎవరో చెప్పబట్టే కదా మిల్లు ఆగింది?

మొక్కజొన్న వేసే మన రైతులు దీనికి దగ్గరి దృశ్యం చూసే ఉంటారు. టెంబోట్రయాన్ లాంటి కలుపు మందు కొట్టిన కొద్ది రోజులకు చేలో గడ్డి సున్నం వేసినట్టు తెల్లబడుతుంది. ఆకులో పత్రహరితానికి గొడుగు పట్టే పసుపు రంగు పదార్థాలు, కెరోటినాయిడ్లు, తయారు కాకుండా ఆ మందు అడ్డుపడుతుంది. గొడుగు పోయాక ఎండే పత్రహరితాన్ని మాడ్చేస్తుంది. నార్‌ఫ్లురజాన్ అనే ఇంకో మందు వేరే చోట దెబ్బకొట్టి అదే పని చేస్తుంది. ఆ మందు పడ్డ మొక్కలో కేంద్రకం పత్రహరితాన్ని పట్టుకునే ప్రోటీన్ల జన్యువులను మూసేస్తుంది. సరుకు పంపవద్దు అన్న కార్డు అందినట్టే.

కాలిఫోర్నియాలోని సాక్ సంస్థలో జోవాన్ చోరీ, ఆమెతో సుసెక్, ఆసుబెల్ ఒక తిరకాసు ప్రశ్న వేసుకున్నారు. కార్డు అందని మొక్కలు ఉంటాయా? మన ఆవాలకు దూరపు చుట్టమైన అరాబిడాప్సిస్ విత్తనాల జన్యువుల్లో మార్పులు తెచ్చి, మొలిపించి, మందు వేసి, ఆకు తెల్లబడినా కేంద్రకం ఆ జన్యువులను మూయకుండా నడుపుతున్న మొలకల కోసం గాలించారు. దొరికాయి. 1993లో సెల్ పత్రికలో ప్రకటించారు. వాటికి గన్ మొక్కలని పేరు, అంటే రెండు జన్యుపత్రాల మధ్య లంకె తెగినవని. ఆ పేపరు మొదటిసారి చదివినప్పుడు నాకు లెక్కల పుస్తకంలో ఉండిపోయిన ఆ కార్డు కళ్లముందు కదిలింది. పసుపు నీళ్ల వాసన కూడా వచ్చింది.

తెగిన లంకెలు ఎక్కడున్నాయో వెతికితే చాలా మటుకు ఒకే వీధిలో తేలాయి. హీమ్, పత్రహరితం రెండూ తయారయ్యే వీధి అది. మన నెత్తుటికి ఎరుపునిచ్చేదీ, ఆకుకు పచ్చదనాన్నిచ్చేదీ చాలా దూరం ఒకే దారిన నడిచి, ఒక మలుపు దగ్గర విడిపోతాయి. ఇనుము చేరితే హీమ్, మెగ్నీషియం చేరితే పత్రహరితం వైపు. ఆ మలుపు దాటగానే వచ్చే మెగ్నీషియం ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం పేరుకుని, అదే కేంద్రకానికి కబురవుతుందని 2003లో చోరీ బృందం నేచర్‌లో రాసింది. ఐదేళ్లలో ఆ మాట పాఠ్యపుస్తకాల దాకా వెళ్లింది. 2008లో జపాన్‌లో మోచిజుకి బృందం, బ్రిటన్‌లో మూలాన్, స్మిత్‌ల బృందం విడివిడిగా ఆ పదార్థాన్ని కొలిచి చూశారు. దాని మోతాదుకూ కేంద్రకం జవాబుకూ పొంతన లేదు. మోచిజుకి ఎవరనుకున్నారు? 2001లో అదే చోరీతో కలిసి గన్ జన్యువుల మీద పత్రం రాసినవాడు. 2011లో చోరీ ప్రయోగశాల నుంచే మరో పత్రం వచ్చింది. హరితరేణువులో తయారయ్యే హీమే కబురులో పాలు పంచుకుంటోందని, అది "అంతా బాగుంది, పంపండి" అనే కబురని అందులో తేల్చారు. తను నిలబెట్టిన మాట కూలితే కూలిన చోట నుంచే మళ్లీ నడక మొదలుపెట్టింది ఆమె. 2024లో చోరీ పోయారు. ఆమె ఫొటో మన బడి గోడ మీద ఉండాలని ఈ సభలో అడుగుతున్నాను.

డాల్డా డబ్బా దగ్గరికి వద్దాం. చీకట్లో మొలిచిన ఆకు చేతులు ముడుచుకుని కూర్చోదు. పత్రహరితానికి ఒక్క అడుగు ముందు దాకా ముడిసరుకు చేసి పెట్టుకుంటుంది. చివరి అడుగుకు వెలుతురు కావాలి. ఆ ముడిసరుకు మోతాదు మించితే ప్రమాదం. వెలుతురు పడగానే అది ఆక్సిజన్‌ను రెచ్చగొట్టి సింగ్లెట్ ఆక్సిజన్ అనే దుడుకు రూపంలోకి మారుస్తుంది. అరాబిడాప్సిస్‌లో ఫ్లూ అనే జన్యువు పాడైన మొక్కలు చీకట్లో ఆ ముడిసరుకును అదుపు లేకుండా పోగేస్తాయి. వాటి మీది డబ్బా ఎత్తారా, ఎండకు తెల్లబడి చచ్చిపోతాయి. సింగ్లెట్ ఆక్సిజన్ కణాన్ని కాల్చి చంపుతోందనే అందరూ అనుకున్నారు. జ్యూరిక్‌లో క్లాస్ ఆపెల్ బృందం 2004లో ఆ మొక్కల్లో ఎగ్జిక్యూటర్1 అనే ఇంకో జన్యువును కూడా తీసేసింది. సింగ్లెట్ ఆక్సిజన్ మునుపటి లాగానే పుడుతోంది. మొక్కలు మాత్రం చావలేదు! విషం వాటిని చంపలేదన్నమాట. ఆపద వచ్చిందని హరితరేణువు పంపిన కబురు విని కణం తనంతట తాను ప్రాణం వదిలేస్తోంది. కబురు మోసేవాణ్ని తీసేస్తే బతికింది. నా జీవశాస్త్రం చదువంతటిలో నన్ను ఇంతగా కుదిపిన ప్రయోగం మరొకటి లేదు. ఇప్పటికీ తలుచుకుంటే కాసేపు మాట రాదు.

ఇక్కడ ఒక మాట పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. కార్డు అన్నాను, టపా అన్నాను. కణంలో రాసేవాడెవడూ లేడు, కలమూ లేదు. పేరుకుపోయిన సరుకే అక్కడ వార్త. ఎండకు, నీటి ఎద్దడికి గురైన ఆకులో పీఏపీ అనే చిన్న అణువు పోగవుతుంది. మామూలు రోజుల్లో దాన్ని ఊడ్చేసే సాల్1 అనే ఎంజైము ఆ ఒత్తిడికి చేతులెత్తేస్తుంది. ఊడ్చకుండా మిగిలిన పీఏపీ కేంద్రకం దాకా చేరి, కరువు తట్టుకునే జన్యువులకు అడ్డు తొలగిస్తుంది. ఆస్ట్రేలియాలో బారీ పాగ్సన్ బృందం 2011లో ఈ దారిని చూపించింది. సాల్1 లేని మొక్కలు ఎద్దడిని ఎక్కువ రోజులు ఓర్చుకుంటాయి. పాలమూరు, అనంతపురం లాంటి చోట్ల మెట్టసాగు మీద బతికేవాళ్లకు ఇది దూరపు కబురు కాదు.

మన ఊళ్లో జరిగిన పని గురించి చెప్పకపోతే మాస్టారు ఊరుకోరు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి. ఎస్. రామదాస్ గారి దగ్గర ఆకు చదువు నేర్చుకున్న ఎ. ఎస్. రాఘవేంద్ర గారు గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, కె. పద్మశ్రీ గారితో కలిసి, హరితరేణువుకూ మైటోకాండ్రియాకూ మధ్య ఇరుగుపొరుగు మాటలను పట్టుకున్నారు. వాళ్లు వాడింది బఠాణీ. కింద మూడో దుకాణంలో బస్తాల్లో కనిపించేదే. బఠాణీ ఆకుల కణాలకు పైగోడలు ఎంజైములతో కరిగించి, గోడ లేని కణాలను విడిగా తీసి, మైటోకాండ్రియా శ్వాసను అడ్డుకునే మందులు కొద్దిపాటి మోతాదులో ఇచ్చారు. ఆంటిమైసిన్ ఒకటి, సాలిసిల్ హైడ్రాక్సామిక్ ఆమ్లం ఒకటి. హరితరేణువును విడిగా తీసి అదే మోతాదు ఇస్తే దానికి ఏమీ కాలేదు. కణంలో ఉన్నప్పుడు మాత్రం కిరణజన్య సంయోగక్రియ తగ్గిపోయింది. పగటిపూట ఎండ ఎక్కువై హరితరేణువులో మిగిలిపోయే శక్తిని మాలిక్ ఆమ్లం రూపంలో మైటోకాండ్రియా అందుకుని ఖర్చుపెడుతుంది. ఆ తలుపు మూస్తే పక్కింటి పొయ్యి కూడా ఆరుతుంది. ఎండలో శ్వాసకు పెద్ద పనేముందని అనుకునే రోజుల్లో ఈ మాట చెప్పడానికి ఓర్పు కావాలి. 2003లో ట్రెండ్స్ ఇన్ ప్లాంట్ సైన్స్‌లో వాళ్లిద్దరూ దీన్నంతా ఒకచోట చేర్చారు.

మైటోకాండ్రియా వైపు నుంచి వచ్చే తిరుగు టపాకు తొలి సాక్ష్యం ఈస్ట్‌ది, కల్లు పొంగించే జీవిది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ పోయినా పంచదార ఉంటే ఈస్ట్ బతుకుతుంది, కాకపోతే గుంపు గిడసబారుతుంది. అలాంటి ఈస్ట్‌లో కేంద్రకం కొన్ని జన్యువుల నడక మార్చుకుని, ఆగిపోయిన పనికి పక్కదారి తెరుస్తుందని డాలస్‌లో రోనాల్డ్ బుటో బృందం 1987లో చూపింది. ఆ కబురు మోసే ఆర్‌టీజీ జన్యువులు 1993లో దొరికాయి. గన్ మొక్కలు బయటపడిన ఏడే. ఫిలడెల్ఫియాలో నారాయణ్ అవధాని బృందం 1999లో కండర కణాల్లో అలాంటిదే చూసింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తగ్గినప్పుడు కణంలో కాల్షియం పెరిగి, ఆ పెరుగుదలే కేంద్రకాన్ని తట్టి లేపుతోంది.

ఏటీపీ గురించి ఒక మాట. కణం శక్తి ఖర్చులకు మైటోకాండ్రియా పనిచేసి ముద్రించే నోట్లు అవి. ఆ నోటును 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి గుర్తించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా గుర్తించాడు. నోట్లు కరువైనప్పుడు చిల్లర, అంటే ఏఎంపీ, పోగవుతుంది. ఆ పోగే ఏఎంపీకే అనే ఎంజైమును లేపి కణం ఖర్చులు తగ్గిస్తుంది. చూశారా, ఇక్కడా పోగే వార్త.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక చిన్న పురుగు కథ. పోస్ట్‌మన్ ఉత్తరం తెస్తాడు. ఇంటికి తాళం. ‘డోర్ లాక్డ్’ అని రాసి పంపినవాడికే తిప్పి పంపుతాడు. తిరిగొచ్చిన కవరు తెరవకుండానే పంపినవాడికి వార్త తెలిసిపోతుంది. సి. ఎలిగాన్స్ అనే, మిల్లీమీటరు పొడవుండే ఆ పురుగు కణాల్లో ఏటీఎఫ్ఎస్-1 అనే ప్రోటీన్ తయారవుతుంది. మామూలు రోజుల్లో అది మైటోకాండ్రియాలోకి వెళ్లడం, అక్కడ ముక్కలై పోవడం, అంతే దాని బతుకు. మైటోకాండ్రియా జబ్బుపడి గుమ్మం దగ్గర సరుకు తీసుకోలేకపోతే ఆ ప్రోటీన్ బయటే మిగిలిపోయి, తన దగ్గరున్న రెండో చిరునామాకు, కేంద్రకానికి, వెళ్తుంది. వెళ్లి మరమ్మతు జన్యువులను తెరుస్తుంది. కోల్ హేన్స్ బృందం 2012లో సైన్స్ పత్రికలో దీన్ని ప్రకటించింది. మనిషి కణాల్లో పద్ధతి వేరు. మైటోకాండ్రియా ఆపదలో డీలీ1 అనే ప్రోటీన్ తెగి, తెగిన ముక్క బయటికొచ్చి కబురు చెబుతుంది. అది తేలింది 2020లోనే, రెండు బృందాలు విడివిడిగా.

ఒక కణం నుంచి ఇంకో కణానికి వెనక్కి నడిచే కబురు గురించి చెప్పాలంటే ఒక చావు గురించి చెప్పాలి. మా గల్లీలో అందరం మామా అని పిలిచే హమాలీ ఒకాయన ఉండేవాడు. వంద కిలోల బస్తా వీపు మీదున్నా నన్ను చూస్తే కన్ను గీటేవాడు. ఒకరోజు లారీ మీంచి దిగుతూ పెట్టె మేకు తొక్కాడు. పసుపు అద్ది గుడ్డ కట్టుకున్నాడు. పన్నెండో రోజున నోరు తెరుచుకోలేదు. అన్నం ముద్ద పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఆ మర్నాటికి వెన్ను విల్లులా వంగింది. ధనుర్వాతం అన్న పేరు ఎందుకొచ్చిందో ఆ గది గుమ్మంలో నిలబడి చూశాను. బస్తా మోసిన ఆ ఒళ్లు, ఎవరో తలుపు గట్టిగా వేసినా వణికిపోయేది. ఆయన బతకలేదు.

దెబ్బ తగిలింది అరికాల్లో. బిగుసుకున్నది దవడ. ఎందుకు? మాస్టారిని అడిగాను. పెద్దయ్యాక చదువు, అన్నారు. చదివాను. గాయంలోని క్రిములు వదిలిన విషం నెత్తురులో కలిసి ఒళ్లంతా తిరిగి, కండరాల దగ్గర నరాల కొసల్లోకి దూరుతుంది. నరంలో వెన్నుపాము నుంచి కొసకు సరుకు మోసే దారి ఉన్నట్టే, కొస నుంచి వెనక్కి మోసే దారీ ఉంది. డైనీన్ అనే మోటారు ప్రోటీన్ ఆ దారిన రోజుకు 10 నుంచి 20 సెంటీమీటర్లు నడుస్తుంది. విషం ఆ బండెక్కి వెన్నుపాములోకి చేరి, అక్కడ పక్క కణంలోకి దాటి, కండరాలను సడలించే బ్రేకు కబుర్లను ఆపేస్తుంది. దవడ నరాల దారి పొట్టిది, అందుకే అక్కడ ముందు కనిపిస్తుంది. కుక్క కాటు క్రిమి, రేబిస్‌ది, కూడా నరాల వెంట వెనక్కి నడిచే బండే ఎక్కుతుంది. మెదడుకు దగ్గర కాటైతే దారి తక్కువ. కాటు పడగానే సబ్బు, పారే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు టీకాకు పరుగెత్తండి. బండి మెదడు చేరాక ఎవరూ ఏమీ చేయలేరు. గల్లీ కుక్కలతో ఆడే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్లండి.

దొంగలు వాడుకున్నారు గానీ, ఆ బాట దొంగల కోసం వేసింది కాదు. ఇటలీలో 1938 జాతి చట్టాల వల్ల ఉద్యోగం పోయిన రీటా లెవి మోంతల్చీనీ ట్యూరిన్‌లో తన పడకగదిలో కోడిగుడ్లు పెట్టుకుని, పిండంలో నరాలు ఎందుకు చస్తాయో, ఎందుకు మిగులుతాయో చూసింది. తర్వాత అమెరికాలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నరాల పెరుగుదల కారకాన్ని పట్టుకుంది. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది. నరం చేరిన చోటున ఉన్న కణజాలం ఈ పదార్థాన్ని కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకున్న నరం బతుకుతుంది, అందనిది రాలిపోతుంది. పిండంలో చాలా చోట్ల సగం దాకా నరకణాలు అలా రాలిపోతాయి. 1974లో హెండ్రీ, థోనెన్ బృందం ఆ పదార్థానికి రేడియోధార్మిక గుర్తు పెట్టి జంతువు కంట్లోకి ఎక్కించింది. అది నరం వెంట వెనక్కి నడిచి, అదే వైపు మెడలోని నరాల ముడిలో పోగైంది. నువ్వు చేరావు, నాకు కావాలి, ఉండు. నరం బతికేది ఆ తిరుగు టపా మీద.

మెదడులో ఇంతకన్నా సున్నితమైనది ఇంకోటి ఉంది. హోలీ వస్తే ఈ గల్లీల్లో భంగు మాట వినపడుతుంది. ఆ ఆకులోని మత్తుపదార్థానికి మన మెదడులో తాళంకప్ప ఎందుకుందని వెతికితే, మెదడు సొంతంగా చేసుకునే తాళంచెవులు దొరికాయి. 1992లో మొదటిదాన్ని పట్టుకున్న డెవేన్, మెషూలం దానికి ఆనందం అన్న సంస్కృత పదంతో ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మూడేళ్లకు దాని తోబుట్టువు 2-ఎ.జి. దొరికింది. ఇవి ఏం చేస్తాయన్నది 2001 మార్చిలో తేలింది. మూడు బృందాలు, అమెరికాలో రెండు, జపాన్‌లో ఒకటి, ఒకే నెలలో పత్రాలు ప్రకటించాయి. రెండు నరకణాల మధ్య ఖాళీ మీటరులో వంద కోట్ల వంతుల్లో ఓ ఇరవై. మాట ఎప్పుడూ ఇవతలి నుంచి అవతలికే దాటుతుందని బడిలో చెబుతాం. అవతలి కణం మరీ ఎక్కువగా ఉద్రేకపడినప్పుడు తన పొరలోని కొవ్వు నుంచి ఈ పదార్థాన్ని చేసి వెనక్కి వదులుతుంది. అది ఇవతలి కణాన్ని తాకి, కొన్ని పదుల సెకన్ల పాటు పంపకం తగ్గిస్తుంది. చాలు, కాసేపు ఆగు. మా నాన్న కార్డులోని ఆఖరి వాక్యం అదే కదా. భంగు ఏం చేస్తుందంటే, ఒక దుకాణం నుంచి ఒక మిల్లుకు పోవలసిన ఆ కార్డును ఊళ్లోని మిల్లులన్నిటికీ ఒకేసారి పంచేస్తుంది.

మాస్టారు అడిగిన మూడు ప్రశ్నల్లో మొదటి రెంటికి పుస్తకాల్లో మంచి జవాబులున్నాయి. మూడోదాని మీద ఇంకా పని నడుస్తోంది. గన్1 అనే ప్రోటీన్ హరితరేణువులోనే కూర్చుని ఏ చేత్తో ఏ కబురు పంపుతోందో ప్రయోగశాలలు ఇవాళ్టికీ తర్కించుకుంటున్నాయి. ముందు వరుసలో కూర్చున్న పిల్లల్లో ఎవరైనా ఆ పని అందుకోవచ్చు.

రేపు ఆదివారం. పొద్దున పది గంటలకు మాస్టారి బడి తెరిచి ఉంచుతారు. బుధవారం నాడు మీలో కొందరికి పెసలు, మూకుళ్లు ఇచ్చాను, గుర్తుందా? డబ్బా ఎత్తి తొంగి చూడకుండా, అలాగే మూసి తీసుకురండి. అందరం ఒకేసారి ఎత్తుదాం. సాయంత్రం దాకా ఉండేవాళ్లు టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకోండి.